మూత తీసిన ప్లేటు మీద నా ఉపన్యాసం

నవ్వకుండా వింటామంటేనే చెప్తాను. సరే, అది మీ వల్ల కాదులే, నవ్వుకోండి. మధ్యలో మాత్రం ఆపొద్దు. పోయిన వారం నేను ఒక మనిషి ఉద్యోగం కాపాడదామని బయల్దేరి, ఇంచుమించు నేనే ఊడగొట్టినాను. కుట్ర చేసి కాదు, చాడీలు చెప్పి కాదు. ఉపన్యాసం ఇచ్చి!

ముందు నా సంగతి. మాది కొత్తచెరువు. అనంతపురం ఊరి బయట ఒక నర్సింగ్ కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్లో ఉన్నప్పుడు చుట్టుపక్కల డిబేట్ యాడ జరిగితే ఆడ నేను. అనుకూలమా, వ్యతిరేకమా అని చీటీ తీసినాకనే నాకు అభిప్రాయం పుట్టేది. ఓడిపోయినానని ఒప్పుకున్న జ్ఞాపకమైతే లేదు. మా నాయన ఒకసారి ఫోన్లో ఎవరితోనో అంటాంటే చెవిన పడింది. "మా పాప నర్సయితే పేషెంట్లు తొందరగా కోలుకుంటారప్పా. ఈమె మాటలు తప్పించుకోని ఇంటికి పోవల్ల గదా!"

ఇంక హాస్టల్. మా పక్క నీళ్ళ కరువు గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? ట్యాంకర్ వచ్చిన రోజు మాకు పండగ. మెస్ గుమ్మం పక్కన ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటుంది, దాంట్లో తేలుతా ఒక మగ్గు. ఎనభై మంది అమ్మాయిలం. మగ్గుతో పాటు చెయ్యి కూడా మణికట్టు దాకా ముంచడం, రెండు వేళ్ళ మీద అంత పోసుకోవడం, మగ్గు తిరిగి డ్రమ్ములోకి విసరడం. నీళ్ళ పొదుపులో మమ్మల్ని మించినోళ్ళు లేరు. ఒకరు కడుక్కున్న మురికి వెనక వచ్చే డెబ్భైతొమ్మిది మందికీ అందేది!

ఆ వారం ఆరుగురికి కడుపు చెడింది. పొద్దున్నుంచీ బాత్రూమ్ ముందర క్యూ. వార్డెన్ మేడమ్ డ్రమ్ము వైపు చూడనే లేదు. నేరుగా వంటింటి వైపు చూసింది.

వంటింట్లో ఉండేది ఖాజాబీ అక్క. ముదిగుబ్బ దగ్గర పల్లె ఆమెది. యాభై దాటి ఉంటాయి. కొత్తగా చేరి, ఇంటికి పోతామని ఏడ్చే అమ్మాయిలని ఆపేది మా ప్రిన్సిపాల్ కౌన్సెలింగ్ కాదు, అక్క బొరుగులతో చేసే ఉగ్గాని. నన్ను కూడా అదే ఆపింది. అబద్ధమెందుకు?

"సోమవారం నుంచి వంట కాంట్రాక్టుకి ఇచ్చేస్తాండా," అనేసింది వార్డెన్ మేడమ్, అందరి ముందర. "ఈమె చేతులు శుభ్రంగా ఉంటే ఇట్లయ్యేదా?"

అక్క గుమ్మంలో నిలబడి తన రెండు చేతులూ ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పి చూసుకుంది. అంతే.

నాకు ఒళ్ళు మండింది. "ఆధారమేముంది మేడమ్?" అన్నాను.

"ఆరుగురు పడకేసినారు. ఇంకేం ఆధారం కావల్ల?"

"అది ఫలితం మేడమ్. కారణం కాదు! డ్రమ్ము సంగతేంది? అందరం చేతులు ముంచే డ్రమ్ము?"

"ఎన్నేళ్ళనుంచో ఉండాది ఆ డ్రమ్ము. నువ్వు మొన్న వచ్చినావు."

"అక్క చేతులు శుభ్రమని, తప్పు డ్రమ్ముదని నేను నిరూపిస్తా!"

వార్డెన్ మేడమ్ నన్ను పైనుంచి కిందికి చూసింది. "శనివారం లోపల చూపించు. ఆమె చేతులు శుభ్రమని తేలితే ఉంటాది. లేదంటే సోమవారం నుంచి రావద్దని చెప్పు. నువ్వే చెప్పల్ల."

చూసినారా? ఒక మనిషి అన్నం గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని ట్రోఫీ అనుకున్నాను.

మా మైక్రోబయాలజీ మేడమ్ తక్కువ మాట్లాడే మనిషి. విషయం చెప్తే ఒప్పుకుంది. "మూడు ప్లేట్లు ఇస్తాను. పద్ధతి గుర్తుందా?"

"అంతా గుర్తుంది మేడమ్."

గుర్తుండిందల్లా నేను ఇవ్వబోయే ప్రసంగం.

ప్లేటంటే మరేం లేదు, అరచెయ్యంత వెడల్పు, మూత ఉండే చిన్న గాజు పళ్ళెం. సముద్రపు నాచు నుంచి తీసిన అగార్‌లో బ్యాక్టీరియాకి కావలసిన మేత కలిపి, దాంట్లో పోసి గడ్డ కట్టిస్తారు. కంటికి కనపడని ఒక్క సూక్ష్మజీవి దాని మీద పడితే చాలు, తెల్లారేసరికి లక్షలై ఒక చుక్కగా కనిపిస్తుంది. దాన్నే కాలనీ అంటారు. మా హైవే పక్క వెంచర్ల లెక్కే. నిన్న బయలు, ఈరోజు కాలనీ!

నా పథకం ఇది. ఒక ప్లేటులో చేతులు కడుక్కున్న ఖాజాబీ అక్క వేళ్ళు అద్దాలి. ఇంకోదాంట్లో డ్రమ్ములో మగ్గు ముంచి కడుక్కున్న లావణ్య వేళ్ళు. లావణ్య నా రూమ్మేటు, తనకల్లు అమ్మాయి, ఏం చెప్పినా "సరేలే" అంటుంది. మూడో ప్లేటులో ఎవరూ వేలు పెట్టరు. అది కంట్రోల్. అది తెల్లగా, ఖాళీగా ఉంటేనే మిగతా రెండూ చెప్పేది నమ్మాలి.

శుక్రవారం పొద్దున. మేడమ్ ప్లేట్లు ఇచ్చి, పరీక్ష డ్యూటీ ఉందని పక్క బ్లాకుకి పోయింది. నేను అక్కని, అప్పుడే డ్రమ్ములో చేతులు కడుక్కున్న లావణ్యని ల్యాబ్‌కి పిలుచుకొచ్చినాను. అక్క ప్లేటుని కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

"ఇది చైనా గ్రాస్ గదా పాపా! రంజాన్‌కి మేము పాలల్లో ఏసి చేస్తాము. దీంట్లో చక్కెర ఏసినారా?"

"బ్యాక్టీరియాకి ఏం కావల్నో అవి వేసినారక్కా."

"బాగుండాది. వాటికి కూడా వండి పెట్టేటోళ్ళు ఉండారు."

అక్క చేతులు కడిగే పద్ధతి ఆరోజే దగ్గరనుంచి చూసినాను. ఆమె నీళ్ళలో చెయ్యి ముంచదు. చేతులు రెండూ చాపి, "నీళ్ళు పొయ్యి పాపా," అంటుంది. లావణ్య చెంబుతో సన్నగా ధార పోసింది. అక్క సబ్బు పెట్టి వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు చుట్టూ రుద్దుకోని, "మల్లా పొయ్యి," అనింది. కొంగుకి తుడుచుకోలేదు. గాలిలో విదిలించింది.

"మా అమ్మ నేర్పిందిలే. కుండలో చెయ్యి ముంచితే వీపు పగిలేది. బిందె నీళ్ళ కోసం అంత దూరం పోతాంటిమి, వాటిలో చెయ్యి పెడతామా?"

పాఠ్యపుస్తకంలో ఉండే చేతుల శుభ్రత అధ్యాయం చీర కట్టుకోని నా ముందర నిలబడింది. ఆడికి ఆపి, వేళ్ళు అద్దించి, మూతలు పెట్టేసి ఉంటే నేను గెలిచేదాన్ని. కానీ సాక్ష్యం ఉండాలి గదా! వీడియో తియ్యాలి గదా! వార్డెన్ మేడమ్ చూస్తే కళ్ళు తిరగాలి గదా!

ఫోను స్పిరిట్ సీసాకి ఆనించి రికార్డింగ్ పెట్టినాను. ఫ్రేములో బాగుంటాయని మూడు ప్లేట్ల మూతలూ ఒకేసారి తీసి వరసగా పెట్టినాను. అక్క ప్లేటు నడిమిన, సరిగ్గా నా గడ్డం కింద. గొంతు సవరించుకున్నాను.

"ప్రియ మిత్రులారా! పేదవాళ్ళ చేతులు పరిశుభ్రంగా ఉండవనే ఈ పాతకాలపు పక్షపాతాన్ని ప్రశ్నించడానికే ఈ ప్రయోగం! ప్రతి ఒక్కరూ..."

మీరు గమనించినారా? నా ప్రసంగంలో 'ప' శానా ఎక్కువ. స్టేజీ మీద బాగా పేలుతుందని ఇంటర్లోనే అలవాటు చేసుకున్నాను.

అక్క కడిగిన చేతులు ఎత్తి పట్టుకోని నిలబడింది. "పాపా, వేళ్ళు ఎప్పుడు పెట్టల్ల? చేతులు ఆరిపోయినాయి."

"ముగింపుకి వస్తాండా అక్కా, ఒక్క నిమిషం!"

ముగింపులో కంట్రోల్ ప్లేటు చేతిలోకి తీసుకోని, మైకు పట్టుకున్నట్టు మూతి దగ్గర పెట్టుకోని, "పరిశీలించండి! ఎవరూ ముట్టని ప్లేటు ఇది. మన అనంతపురం ఆకాశం మాదిరి, ఒక్క మబ్బు తునక కూడా లేదు!" అన్నాను. లావణ్య చప్పట్లు కొట్టింది. అక్క కూడా కొట్టబోయి, చేతులు శుభ్రంగా ఉండాయని ఆగిపోయింది.

అప్పుడు పెట్టించినాను వేళ్ళు. ఒక్కొక్కరివి నాలుగు వేళ్ళు, ప్లేటుకి ఒక పక్కగా, వరసగా. మూతలు పెట్టి ఇంక్యుబేటర్‌లో దూర్చినాను. ముప్పై ఏడు డిగ్రీలు. బయట ఎండకి అదే చల్లగా ఉన్నట్టనిపించింది.

శనివారం పొద్దున అందరికంటే ముందు నేనూ లావణ్యా ల్యాబ్‌కి పోయినాము. ఇంక్యుబేటర్ తలుపు తీసినాను. అక్క ప్లేటు చూసినాను. తలుపు మూసినాను. మళ్ళీ తీసినాను. అదే ప్లేటు.

సగ్గుబియ్యం చల్లినట్టు, ప్లేటంతా చుక్కలు! లావణ్య ప్లేటులో కూడా ఉన్నాయి కానీ అక్క ప్లేటంత లేవు. మా ఆకాశంలోనైతే నక్షత్రాలు పొడిచినాయి. కంట్రోల్‌లో కూడా కాలనీలే.

"ఏమే, ఇట్లయింది?" అనింది లావణ్య.

నాది డిబేట్ బుర్ర గదా! మనకి వ్యతిరేకంగా పోయే పాయింటుని మనమే ఎత్తకూడదు. కంట్రోల్ ప్లేటు చూపిస్తే ప్రయోగమే చెత్త అంటారు, నా పరువు పోతుంది. అది తీసి నా రికార్డు పుస్తకం వెనక దాచి పెట్టినాను. మిగతా రెండింటితో ఏదో ఒకటి వాదించొచ్చు అనుకున్నాను. ఏం వాదిస్తానో మాత్రం దేవుడికే తెలియాలి.

వార్డెన్ మేడమ్ వచ్చింది. మైక్రో మేడమ్ వచ్చింది. వాళ్ళ వెనక, పిలవకుండానే, ఖాజాబీ అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

వార్డెన్ మేడమ్ రెండు ప్లేట్లూ చూసింది. ఎంతసేపో పట్టలేదు. "డ్రమ్ములో కడిగిన చెయ్యే నయం గదమ్మా. ఇంకేముంది? సోమవారం నుంచి..." అని నా వైపు చూసింది. చెప్పాల్సింది నేను. ఒప్పందం అదే.

నేను నోరు తెరిచినాను. మాట రాలేదు. నాకు! మాట! రాలేదు!

అక్క దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె ప్లేటు మీదికి కొంచెం వంగి, వేలితో దూరం నుంచే చూపించింది.

"మేడమ్, నేను నాలుగు వేళ్ళూ ఈ పక్క గదా పెట్టింది? ఆ పక్క యాల మొలిచినాయి?"

"అంటే?" అనింది మైక్రో మేడమ్.

"శనక్కాయ గొర్రుతో ఇత్తితే సాలులోనే మొలుస్తాది మేడమ్. ఈడ సాలు యాడుండాది? ఇది ఇత్తినట్లు లేదు. ఎవరో పైనుంచి చల్లినట్లుండాది."

మైక్రో మేడమ్ కళ్ళజోడు సర్దుకోని ప్లేటు చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆ తర్వాత నా మొహం చూసింది.

"కంట్రోల్ ప్లేటు ఏది?"

లావణ్య ఫ్యాను వైపు చూడసాగింది. నా చెయ్యి రికార్డు పుస్తకం మీద ఉంది. పగిలిపోయింది మేడమ్ అని చెప్తే చాలు, నా పరువు నాకు మిగులుతుంది. అక్క ఉద్యోగం మాత్రం పోతుంది. నేను ఆమె వైపు చూడకుండా ఉండి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. చూసినాను. ఆమె ప్లేటు వైపు కాదు, నా వైపే చూస్తాంది, ఈ పాప ఏదో ఒకటి చెప్తాదిలే అన్న నమ్మకంతో.

ప్లేటు తీసి బల్ల మీద పెట్టినాను.

"దీన్ని ఎవరూ ముట్టలేదు గదా?"

"లేదు మేడమ్."

"మూత తీసినావా?"

"తీసినాను మేడమ్."

"ఎంతసేపు?"

"కొంచెం..."

"నాలుగు నిమిషాల పద్దెనిమిది సెకన్లు మేడమ్," అనింది లావణ్య. "వీడియో ఉండాది."

ఏం చెప్పినా సరేలే అనే మనిషి! ఆ ఒక్కరోజూ లెక్క గుర్తుపెట్టుకుంది!

వీడియోని ల్యాబ్‌లో ఉండే పెద్ద స్క్రీన్ మీద పెట్టించింది మైక్రో మేడమ్. పొద్దుటి ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. దాని మధ్యలో నేను, చెయ్యెత్తి, మహా ఆవేశంగా. "ప్రియ మిత్రులారా!" అనగానే నా నోట్లోంచి తళతళమని ఒక జల్లు. "పేదవాళ్ళ" దగ్గర ఇంకోటి. "పాతకాలపు పక్షపాతాన్ని" దగ్గర జడివాన. వెలుగులో ఒక్కో తుంపర విడివిడిగా మెరుస్తా, నిదానంగా, మూత లేని అక్క ప్లేటు మీదికి దిగింది.

మేడమ్ ఆడ పాజ్ కొట్టింది. అక్క స్క్రీన్ దగ్గరికి పోయి తేరిపార చూసింది.

"యప్పా! ఈ సంవత్సరం మా పల్లెలో ఇంత తుంపర పడలేదు పాపా!"

వార్డెన్ మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, నా నుంచి కాపాడుకోవడానికో తెలియదు.

"ప్లేటు మూత తీస్తే ఏం చెయ్యకూడదని చెప్పినాను క్లాసులో?" అనింది మైక్రో మేడమ్.

నాకు గుర్తుకొచ్చింది. మూత తీసేది వేలు పెట్టేంత సేపే, దాని మీదికి వంగొద్దు, దాని ముందర మాట్లాడొద్దు. ఆ మాట మేడమ్ చెప్తున్నప్పుడు నేను వెనక బెంచీలో లావణ్యతో వాదిస్తా ఉన్నాను. విషయమేందంటారా? క్లాసులో శ్రద్ధగా వినడం అవసరమా, కాదా.

నా జన్మలో మొదటిసారి ఆ మాట అన్నాను. "ఓడిపోయినా మేడమ్. తప్పు అక్క చేతులది కాదు, నా నోటిది."

"అట్లని ఆమె చేతులు శుభ్రమని కూడా తేలలేదు గదా?" అనింది వార్డెన్ మేడమ్. ఆమెకి కూడా డిబేట్ వచ్చని అప్పుడు తెలిసింది.

"తేలలేదు. మళ్ళీ చేద్దాం," అనింది మైక్రో మేడమ్. "ఈసారి డ్రమ్ములో కడిగే చెయ్యి మీదే మేడమ్. నువ్వు," అని నా వైపు తిరిగి, "నీళ్ళు పొయ్యి. అంతే."

నా మూతికి రెండు మాస్కులు. ఒకదాని మీద ఒకటి. నేను చెంబుతో ధార పోసినాను, అక్క చేతులు కడుక్కుంది, మూత వేళ్ళు పట్టేంత లేచింది, నాలుగు వేళ్ళు పడినాయి, మూత పడింది. వార్డెన్ మేడమ్ వంతు వచ్చినప్పుడు ఆమె డ్రమ్ములో చెయ్యి ముంచడం చూసి చెప్పాల్సినవి నాలో పదకొండు పాయింట్లు లేచినాయి. పదకొండూ మింగినాను. నీళ్ళు లేకుండా.

ఆదివారం పొద్దున ప్లేట్లు బయటికి వచ్చినాయి. కంట్రోల్, ఖాళీ. అక్క ప్లేటులో వేళ్ళు పెట్టిన చోట నాలుగైదు చుక్కలు, ఇంకేం లేదు. వార్డెన్ మేడమ్ ప్లేటులో నాలుగు వేళ్ళ ముద్రలూ గోళ్ళతో సహా దట్టంగా మొలిచి ఉన్నాయి. సాలు తప్పలేదు. ఎవరి వేళ్ళో గుర్తు పట్టొచ్చు.

"ఇవి రోగం తెచ్చేవా, కాదా అనేది ఈ ప్లేటు చెప్పదు," అనింది మైక్రో మేడమ్. "డ్రమ్ములో ముంచిన చెయ్యి శుభ్రం కాదని మాత్రం చెప్తుంది."

వార్డెన్ మేడమ్ తన చేతిని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంది. ఆ తర్వాత అక్కతో, కొంచెం అటు తిరిగి, "రేపు టిఫిన్ ఏం చేస్తాండావు ఖాజాబీ?" అనింది. మా వార్డెన్ మేడమ్ క్షమాపణ అడిగితే అట్లే ఉంటుంది.

"ఉగ్గాని మేడమ్."

కాంట్రాక్టు వాళ్ళు రాలేదు. డ్రమ్ము అడుగున బెజ్జం వేసి ఒక కొళాయి బిగించినారు. మగ్గుని బాత్రూముకి బదిలీ చేసినారు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆడికి ఆగి ఉంటే నాకు కొంచెం గౌరవం మిగిలేది.

కానీ సోమవారం మధ్యాహ్నం భోజనాలప్పుడు వార్డెన్ మేడమ్ మెస్‌లోకి వచ్చి, "కొళాయి కింద చేతులు ఎట్ల కడగల్లో ఎవరైనా ఒకరు అందరికీ చెప్పండమ్మా," అనింది. ఎవరు లేస్తారు? నేనే. లేచి, బెంచీ ఎక్కి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

"ఆగు పాపా! ఆగు!" అని వంటింట్లోంచి కేక.

ఖాజాబీ అక్క పరుగెత్తుకొచ్చింది. సాంబారు మీద మూత, పప్పు మీద మూత, పెరుగు మీద మూత, ఠంగు ఠంగుమని వేసేసింది. మూత దొరకని అన్నం గంప మీద కొత్త తెల్లగుడ్డ కప్పి, దాని నాలుగు అంచులూ చెక్కింది. ఆ తర్వాత తీరిగ్గా కొంగు దోపుకోని, "ఊ, ఇప్పుడు చెప్పు తల్లీ, నువ్వు శానా బాగా చెప్తావు," అనింది.

నేను జనం వైపు తిరిగినాను. డెబ్భైతొమ్మిది మంది అమ్మాయిలు ఎవరి ప్లేటు మీద వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకోని కూర్చున్నారు. అనుకూలం, వ్యతిరేకం లేదు. నేను ఒక్క మాట కూడా మొదలుపెట్టకముందే సభ మొత్తం ఏకగ్రీవమైంది.